అబ్రహాము మోకరించాడు

తొమ్మిది నలభై. మందిరం గోడ మీది గడియారం ఇన్నేళ్లుగా నా ఎదురుగానే ఉంది, కానీ దాని చప్పుడు ఇంత పెద్దదని ఇవాళే తెలిసింది. ఇంకో ఇరవై నిమిషాల్లో అమలాపురంలో నా కూతుర్ని ఆపరేషను గదిలోకి తీసుకెళ్తారు. ఆ సంగతి నాకు తెలియదు. అంటే దానం అనే నాకు, ఇరవై ఆరేళ్లుగా కాలువ లాకుల దగ్గర లస్కరుగా తలుపులు ఎత్తుతూ దించుతూ ఉన్న నాకు, క్రిస్టీనా తండ్రికి, ఎవరూ చెప్పలేదు. చెప్పింది అబ్రహాముకి. అబ్రహాము అంటే ఫోనులో ఆడే ఒక ఆటలో తెల్ల గడ్డం, చేతికర్ర ఉన్న ముసలి వైద్యుడు. ఆ వైద్యుణ్ణి నడిపించే వేలు నాది. అబ్రహాముకి తెలిసిన సంగతికి దానం భయపడవచ్చునా? భయపడుతున్నాను. అరచేతుల చెమటకి పాటల పుస్తకం అట్ట మెత్తబడిపోయింది. చొక్కా జేబులో ఫోను ఉంది. చప్పుడు తీసేశాను, వణుకు మాత్రం ఉంచాను. అది వణుకుతుందేమోనని ఒక భయం, వణకదేమోనని ఇంకొకటి.

మధుబాబు గారు ఇప్పుడే పాట చెప్పి కూర్చున్నారు. హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, మా సంఘ పెద్ద. పాట అయిపోయింది, మళ్ళీ నిశ్శబ్దం. మా దగ్గర పాస్టరు ఉండడు. ఆదివారం పొద్దున్న అందరం చెప్పులు బయట విడిచి వచ్చి కూర్చుంటాం, మగవాళ్లు కుడి వైపు, ఆడవాళ్లు తలల మీద కొంగులు కప్పుకుని ఎడమ వైపు. ప్రేరణ కలిగిన సహోదరుడు లేస్తాడు. ఒకడు లేచాడంటే ప్రార్థిస్తాడని అర్థం, అందరి తలలూ వంగుతాయి. ఎవరూ లేవకపోతే ఊరకే కూర్చుంటాం. చిన్నప్పుడు ఈ మౌనంలో ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేవాణ్ణి, పెద్దయ్యాక దీనిలోనే నాకు శాంతి దొరికేది, వారమంతా నీళ్ల హోరులో గడిపినవాడికి ఈ చప్పుడు లేని గంట ఒక దీవిలాగా ఉండేది. ఇవాళ ఇది గుహలా ఉంది. మంచు గుహ. ఎదుట బల్ల మీద తెల్లటి గుడ్డ కింద రొట్టె, ద్రాక్షరసం. ఎవరో ఒకరు లేచి కృతజ్ఞతలు చెప్పి రొట్టె విరుస్తారు, పళ్లెం వరస వెంట వరస వస్తుంది, నాలుగో వరసలో నా ఒళ్లోకి వస్తుంది. నిన్న సాయంత్రం రాతి బొమ్మ ముందు మోకరించినవాడు ఇవాళ ఆ రొట్టె తినవచ్చునా? అయోగ్యంగా తిన్నవాడు తన మీదికి తీర్పు తెచ్చుకుంటాడని బాప్తిస్మానికి ముందు నుంచే వింటున్నాను. నా మీదికైతే రానీ. యాభై నాలుగేళ్లు, చాలు. కానీ అది నా మీదికే వస్తుందని ఎవరు చెప్పగలరు, తండ్రులు చేసింది పిల్లల దాకా పోతుందని కూడా వినే ఉన్నాను కదా, పది గంటలకి బల్ల మీద పడుకోబోయేది నేను కాదు కదా.

రాయి కూడా కాదు అది. ఫోను అద్దం మీద కాస్త వెలుగు.

ఆ ఆటకి నెల చందా లేదు. మొదటిసారి క్రిస్టీనా దాన్ని ఆడుతున్నప్పుడు నేను అడిగింది అదే. అప్పుడది రాజోలులో డిగ్రీ చదువుతోంది, సాయంత్రం అరుగు మీద కూర్చుని టాబ్లెట్ ఒళ్లో పెట్టుకుని విల్లు పట్టిన పిల్లని కొండల మీద పరిగెత్తిస్తోంది. ఆ విల్లు పిల్లకి పులస అని పేరు పెట్టుకుంది. "నెలనెలా ఎంత కట్టాలే దీనికి?" అన్నాను. "కొన్నిటికి కట్టాలి నాన్నా, దీనికక్కర్లేదు, ఎవరైనా వచ్చేయొచ్చు, గేటు తీసే ఉంటది." "ఏమీ పుచ్చుకోకుండా ఎవడిస్తాడు?" అంటే నవ్వింది. "ఆదివారం ఆదివారం మీరు చెప్పేది అదే కదండీ మరి, ఉచితం ఉచితం అని." అప్పుడు కసిరాను. ఇప్పుడు ఆ మాట వెనకటి వరసలో ఎవరో గొణిగినట్టు వినిపిస్తోంది. కృప ఉచితం అని పాడతాం, పాడేటప్పుడు నా కళ్లు నిజంగానే చెమరుస్తాయి, అబద్ధం కాదు. కానీ గుమ్మం పక్కన గోడకి ఆనించి వెనక బల్ల ఒకటి వేసి ఉంచాం, సహవాసంలో లేనివాళ్లు దాని మీద కూర్చోవాలి, పళ్లెం అక్కడిదాకా పోదు. ప్రభువా, ఇది తప్పుపట్టడం కాదు, అడుగుతున్నాను అంతే. అడగకూడనిదైతే క్షమించు, ఇవాళ మాత్రం కోపగించుకోకు, ఇవాళ ఒక్కరోజు.

ఎడమ వైపు నా భార్య సుందరి తల వంచుకుని ఉంది. నీలం కొంగు. ఈ వారం రొట్టె చేసే వంతు మా ఇంటిది. వంతు ప్రకారం ఒక్కో ఇంటి నుంచి ఒక్కో ఆదివారం వస్తుంది, పులియని రొట్టె, గోధుమపిండి, చిటికెడు ఉప్పు. పొద్దున్న నాలుగున్నరకే లేచి పిండి కలుపుతోంది. నిద్ర లేనట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి. నావీ అలాగే ఉండి ఉంటాయి, ఒకరి కళ్లు ఒకరం చూడలేదు. బయల్దేరేటప్పుడు రొట్టె గిన్నెతో పాటు ఒక గుడ్డసంచి కూడా స్కూటరు ముందు పెట్టింది. "ఏంటది?" అన్నాను. "పాత చీరలండి. మెత్తటివి. ఎవరికో కావాలన్నారు." ఎవరికని నేను అడగలేదు. రెండేళ్లుగా మా ఇంట్లో అడగని మాటలు చాలా ఉన్నాయి, పెరట్లో రాలిన మట్టల్లాగా పేరుకుపోయి ఉన్నాయి.

రెండేళ్లు. క్రిస్టీనా అంబాజీపేటలో కొబ్బరి పీచు మిల్లు నడిపే నాగసతీష్‌ని రిజిస్టరు ఆఫీసులో పెళ్లి చేసుకుంది. కుర్రాడు చెడ్డవాడు కాదు. వేరే దేవుడి బొమ్మ ముందు దీపం పెట్టే ఇల్లు. అంతే. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మధుబాబు గారు అందరినీ కూర్చోమన్నారు. చాలా మెత్తగానే మాట్లాడారు పాపం. "మన సహోదరి క్రిస్టీనాని సహవాసం నుంచి వేరుచేయడానికి ఒప్పుకునే సహోదరులు లేవండి" అన్నారు. అది వెనక బల్ల మీద కూర్చుని ఉంది, వచ్చింది, రాదనుకున్నాను. అందరూ నన్నే చూస్తున్నారు. కూతురి తండ్రి ఏం చేస్తాడా అని. ఆ చూపులకి భయపడి అందరికన్నా ముందు నేనే లేచాను. విశ్వాసం వల్ల లేచానని రెండేళ్లుగా నాకు నేను చెప్పుకున్నాను, కానీ మోకాళ్లకి తెలుసు ఎందుకు లేచాయో. ఆడవాళ్లు లేవనక్కర్లేదు, వాళ్లని అడగరు. సుందరి కూర్చునే ఉంది. వెనక్కి తిరిగేసరికి బల్ల ఖాళీ, గుమ్మం అవతల ఎండలో ఎర్ర చున్నీ కొస ఒకటి మలుపు తిరిగిపోతోంది.

తొమ్మిది యాభై రెండు. బయట ఎక్కడో కొబ్బరి దింపు జరుగుతోంది, కాయ పడ్డ చప్పుడు, కాసేపు ఏమీ లేదు, మళ్ళీ ఇంకో కాయ. రెండు సీసాల రక్తం సిద్ధంగా పెట్టేరంట, అని ఆటలో రాసింది నిన్న. ఎవరి రక్తమో. కడుపులో మాయ కిందికి ఉందంట, రెండు నెలలుగా మంచం దిగనివ్వలేదంట, ఆదివారమైనా సరే ఇంక ఆగకూడదన్నారంట. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తుంది, అన్నిటి చివరా అండి అని పెడుతుంది. మంచం మీద నుంచే ఆట ఆడుకుంటోంది. ఆట ఆడుకుంటోంది కాబట్టి నాకు కనిపిస్తోంది. లేకపోతే నా కూతురు కడుపుతో ఉందన్న సంగతే నాకు తెలిసి ఉండేది కాదు.

అది వెళ్లిపోయాక టాబ్లెట్ ఇంట్లోనే వదిలేసింది. ఒకరోజు లాకుల దగ్గర డ్యూటీ దిగి వచ్చి దాన్ని తెరిచాను, నా కూతురు ఏ లోకంలో తిరిగేదో చూద్దామని. చందా లేదు కాబట్టి ఎవరి సంతకం అక్కర్లేకపోయింది, ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. పేరు అడిగింది. నా పేరు పెడితే తెలిసిపోతుందని మా నాన్న పేరు పెట్టాను, అబ్రహాము. లోకమంతా ఉన్న పేరే కదా అనుకున్నాను. వైద్యుణ్ణి ఎంచుకున్నాను, ఎవరినీ నరకక్కర్లేదని. తర్వాత ఆటని నా ఫోనులోకి మార్చుకున్నాను. నెల రోజులు ఆ కొండల్లో తప్పిపోయి తిరిగాను, నక్కల చేత కరిపించుకున్నాను, ఆఖరికి ఒక సంతలో, జనం మధ్య, తల మీద పేరు మెరుస్తూ ఎదురుగా వచ్చింది. పులస. వెంట రామచంద్రపురం కుర్రాడు శివనాగరాజు, మందుల షాపులో పనిచేస్తాడట, నోరు మూయడు. "పెద్దాయనా, మా జట్టులోకి రండి, మాకు వైద్యుడు లేడు." వెళ్లాను. అప్పటి నుంచి రోజూ సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా. అది ముందు పరిగెత్తుతుంది, దెబ్బ తగులుతుంది, నేను కర్ర ఎత్తుతాను, దెబ్బ మానుతుంది. ఇంట్లో ఉన్నప్పుడు దాని దెబ్బల్లో ఒక్కటీ నేను మాన్పింది లేదు.

ఒక్కటే చిక్కు. ఆ ఆటలో వైద్యుడికి పడిపోయినవాళ్లని లేపే శక్తి రావాలంటే బలిపీఠం దగ్గర మోకరించాలి. నెలవంక పెట్టుకున్న ఒక దేవత బొమ్మ. దాని ముందు నిలబడితే వంచిన మోకాలి గుర్తు ఒకటి వెలుగుతుంది, నొక్కితే చాలు. నేను నొక్కలేదు. రెండేళ్లలో ఒక్కసారీ నొక్కలేదు. బలిపీఠం ఎదురైతే కొండ చుట్టూ తిరిగి అవతలి దారిన వచ్చేవాణ్ణి. "అదిగో, ఫాదర్ గారు మళ్ళీ ఊరేగింపుకి బయల్దేరేరండోయ్" అని శివనాగరాజు వెక్కిరించేవాడు. "ఒక్క నొక్కు నొక్కితే ఏం పోతుందండీ, మోకాళ్ల నొప్పులా?" పులస మాత్రం వెక్కిరించేది కాదు. కొండ అవతల ఆగేది. నేను చుట్టూ తిరిగి వచ్చేదాకా, ఎంతసేపైనా, విల్లు కింద పెట్టి ఆగేది. ఎందుకు ఆగేదో నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

తొమ్మిది యాభై తొమ్మిది. మధుబాబు గారు లేచారు. అందరి తలలూ వంగాయి. ఆయన గొంతు రొట్టె కోసం కృతజ్ఞతలు చెబుతోంది, నేను వినడం లేదు, క్షమించు ప్రభువా, నాకు చక్రాల బల్ల చప్పుడు వినిపిస్తోంది, పొడుగాటి వరండా, ట్యూబులైట్లు, దాని చేతికి గాజులు తీసేసి ఉంటారు, నాగసతీష్ ఒక్కడే గోడకి ఆనుకుని నిలబడి ఉంటాడు. దానికి చిన్నప్పటి నుంచి సూదంటే భయం. రెండో తరగతిలో జ్వరం వస్తే సూది వేయించడానికి ఎత్తుకెళ్లాను, నా చొక్కా గుండీ పట్టుకుని పీకేసింది. ఇవాళ ఏం పట్టుకుంటుంది?

నిన్న మంచు గుహలో తెల్ల తోడేలు దాని మీద పడింది. కర్ర ఎత్తేలోపే అయిపోయింది. తెర మీద ఎర్ర అక్షరాలు, పులస పడిపోయింది. కింద అంకెలు, అరవై, యాభై తొమ్మిది, యాభై ఎనిమిది. అంకెలు అయిపోతే ఏమవుతుంది, ఏమీ అవదు, మళ్ళీ ఊళ్లో లేస్తుంది, సంచిలో నాలుగు బాణాలు పోతాయి. అది ఆట. నాకు తెలుసు. "వదిలేయండి ఫాదర్ గారూ, ఊళ్లో కలుద్దాం" అన్నాడు శివనాగరాజు. కానీ పావుగంట ముందే రేపటి ఆపరేషను సంగతి రాసింది, ఆసుపత్రి రాసింది, ఇప్పుడు మంచు మీద పక్కకి వాలి పడి ఉంది, జుట్టు ముఖం మీద పడి ఉంది, నలభై, ముప్పై తొమ్మిది. నేను ఆ అంకెల్ని సున్నా దాకా పోనివ్వలేకపోయాను. గుహ మూల బలిపీఠం ఉంది. నా వేలు నన్ను అడగలేదు. వంచిన మోకాలి గుర్తు మీద నొక్కింది. తెల్ల గడ్డం ముసలాయన, మా నాన్న పేరు పెట్టుకున్నవాడు, జీవితంలో దేని ముందూ వంగని మనిషి, కర్ర పక్కన పెట్టి నెమ్మదిగా ఆ బొమ్మ ముందు మోకాళ్ల మీద వంగాడు. పులస లేచింది. బట్టలు దులుపుకున్నట్టు ఆడిస్తారు లేచినప్పుడు, అలాగే దులుపుకుంది. తర్వాత ఒక్క ముక్క. "మోకరించేరా? ఎందుకండీ?"

నేను ఫోను ఆర్పేశాను. అప్పటి నుంచి ఇదే భయం. దాని ప్రాణం నేను ఎవరి దగ్గర అడిగాను? ప్రభువా, నీ దగ్గర అడగకుండా ఆ బొమ్మ దగ్గర అడిగానా? నీ దగ్గర రెండేళ్లుగా దాని పేరు ఎత్తలేదు, సిగ్గుపడి, నువ్వు కూడా ఆ రోజు లేచినవాళ్లలో ఉన్నావనుకుని. ఇప్పుడు రోషపడి, ఆ బొమ్మకి అప్పగించావు కదా, అదే చూసుకుంటుందిలే అంటావా? అలా అనేవాడివి కావని తెలుసు. తెలుసు కానీ భయం తగ్గదు.

జేబులో వణికింది. ఒక్కసారి. ఆగిపోయింది.

పది పన్నెండు. తియ్యకూడదు. రొట్టె నడుస్తుండగా ఫోను తీసినవాడు మా మందిరంలో ఇంతవరకు లేడు. ఆట నుంచే, వేరే దేనికీ ఇలా ఒక్కసారే వణికి ఆగదు. అది ఇప్పుడు రాయలేదు, లోపల ఉంది, మరి ఎవరు, నాగసతీష్ దాని ఫోను తీసుకుని, పులసకి తెలిసినవాళ్లందరికీ, ఏమని? పళ్లెం మొదటి వరస దాటింది. రెండో వరస. ముక్క విరిచే చిన్న చప్పుడు, పక్కకి అందించే చప్పుడు. మూడో వరస. తినకపోతే పక్కవాడు చూస్తాడు, సాయంత్రానికి మధుబాబు గారు ఇంటికి వస్తారు, "ఏం దానం, ఏం జరిగింది నాయనా?" అంటారు, ఫోనులో బొమ్మకి మోకరించానని యాభై నాలుగేళ్ల వయసులో చెప్పాలి. తింటే. తింటే ఏమవుతుందో అనుకోవడానికి కూడా ధైర్యం లేదు.

పళ్లెం నా ఒళ్లోకి వచ్చింది. రొట్టె అంచు ఇంకా మిగిలి ఉంది, దాని మీద ఒక వేలి గుర్తు. సుందరి బొటనవేలు, కుడిచేతిది, కొస కాస్త వంకర, పొద్దున్న నాలుగున్నరకి నొక్కింది. మెత్తటి పాత చీరలు ఎవరికి కావాలి? చంటిబిడ్డ పుడితే చుట్టడానికి అమ్మమ్మలు దాచేవి తప్ప మెత్తటి పాత చీరలు ఎవరికి కావాలి? దీనికి తెలుసు. సుందరికి తెలుసు. ఎన్నాళ్లుగా తెలుసు? చేతిలో పళ్లెం కొద్దిగా వంగింది. ఇంకొకటి, ఇంకొకటి గుర్తుకొచ్చింది, ఆరు నెలల క్రితం, శివనాగరాజు అడిగాడు, "ఫాదర్ గారూ, మీకు పిల్లలున్నారా?" ఒక కూతురు, అని రాశాను. "ఎక్కడుంటారండీ?" దూరం, అని రాశాను. అప్పుడు పులస అడిగింది, "ఎంత దూరమండీ?" నేను అబద్ధం ఆడలేక ఎనిమిది కిలోమీటర్లు అని రాశాను. శివనాగరాజు ఒకటే నవ్వు. పులస నవ్వలేదు. తాత పేరు పెట్టుకున్న ముసలాడు, బొమ్మకి మోకరించనివాడు, ఎనిమిది కిలోమీటర్ల దూరంలో కూతురున్నవాడు. కొండ అవతల విల్లు దించి ఆగేది. నిన్న రాసింది ఆసుపత్రి పేరు ఒక్కటే కాదు. రెండో అంతస్తు, పదకొండో నంబరు గది, పది గంటలకి. ముక్కూ మొహం తెలియని ఆటగాడికి ఎవరైనా గది నంబరు చెబుతారా? సూదికి భయపడే పిల్ల, నాన్నా అని పిలవకుండా, రమ్మని అడగకుండా, ఎంత వరకు చెప్పవచ్చో అంత వరకు చెప్పింది. వస్తాడా అని పది దాకా గుమ్మం వైపు చూసి ఉంటుంది. నేను ఇక్కడ కూర్చుని, నాకు తెలియదు కదా, అనుకుంటున్నాను.

నేను భయపడాల్సింది దీనికి. రాత్రంతా ఇంకేదానికో భయపడ్డాను.

పళ్లెం పక్కవాడికి అందించాను. విరవకుండా. అతను నా వైపు చూశాడు. నేను లేచాను.

లేవగానే అందరి తలలూ వంగాయి, ప్రార్థిస్తాననుకుని. ఇంతమంది వంగిన తలల మధ్య నిలబడితే ఎంత భయమేస్తుందో నాకు ఇంతకు ముందు తెలియదు. రెండేళ్ల కిందట ఇదే చోట ఇలాగే లేచాను. "మా అమ్మాయికి," అన్నాను, "మా క్రిస్టీనాకి ఇవాళ ఆపరేషను. అమలాపురంలో. ప్రాణం మీదికొచ్చింది. ఆ రోజు అందరికన్నా ముందు లేచింది నేనే. నేను వెళ్తున్నానండి." అంతే. అది ప్రార్థనో కాదో నాకు తెలియదు. ఎవరూ ఆమేన్ అనలేదు. గడియారం కొట్టుకుంటోంది. ఎడమ వైపు నుంచి, ఆరాధనలో ఎప్పుడూ నోరు విప్పని వైపు నుంచి, ఒక గొంతు వచ్చింది. "ఆయ్. పదండి." నీలం కొంగు అప్పటికే గుమ్మం దగ్గర వంగి చెప్పులు వెతుక్కుంటోంది. దాటిపోతుంటే మధుబాబు గారు తల ఎత్తలేదు, కానీ ఆయన చెయ్యి ఒకటి నడవ మీదికి వచ్చి నా ముంజేతిని తాకి వెనక్కి పోయింది. ఆపడానికో, పంపడానికో.

ఎండ కళ్లలో కొట్టింది. ఫోను తీశాను. ఆట నుంచే. మీ రోజువారీ ఉచిత కానుక సిద్ధంగా ఉంది, అని ఉంది. అంతే. కింద పులస పేరు పక్కన చుక్క బూడిద రంగులో ఉంది, అంటే ఆటలో లేదు, దాని మీద నిన్నటి ప్రశ్న అలాగే ఉంది. మోకరించేరా? ఎందుకండీ?

"గది ఎక్కడో తెలుసా మీకు?" అంది సుందరి, సంచి ఒళ్లో పెట్టుకుని స్కూటరు వెనక కూర్చుంటూ.

"రెండో అంతస్తు. పదకొండు."

ఎవరు చెప్పారని అడగలేదు. పది ఇరవై రెండు. ఇంగ్లీషు అక్షరాల్లో నాకు సరిగ్గా రాయడం రాదు, వెతుక్కుని వెతుక్కుని కొట్టాను. నాన్నని కాబట్టి. వస్తున్నాను. పంపించాను. చుక్క బూడిద రంగులోనే ఉంది.

"పోనివ్వండి," అంది సుందరి.